ఒక అచ్చుతప్పుకి నాలుగొందల ఏళ్ళు

2007 నాటి సంగతి. ఆన్‌సైట్ అంటూ ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో దిగి అప్పటికి మూడు వారాలయింది. ఇంకా చలికి అలవాటు పడలేదు, బంగాళదుంపలకి అసలే పడలేదు. క్లయింటు వైపు టెస్టింగ్ చూసే ఆవిడ దగ్గర్నుంచి నాకొచ్చిన మొట్టమొదటి మెయిలు ఒక బగ్గు. నేను చేసిన స్క్రీనులో 'అడ్రస్' అనే లేబుల్లో ఒక 'డి' తగ్గిందట. స్క్రీను మొత్తం పనిచేస్తోంది, లెక్కలన్నీ సరిగ్గా వస్తున్నాయి, ఈవిడకి దొరికింది ఒక్క 'డి'. నాకు ఒళ్ళు మండింది. ఎవరీ మహాతల్లి అని మెయిలు చివర్లో పేరు చూశాను.

ఇమొజెన్.

అప్పటిదాకా ఆ పేరు నేనెక్కడా వినలేదు. జెన్నిఫర్లు, ఎలిజబెత్‌లు, సారాలు మనకి తెలుసు. ఇదేంటో మందు పేరులా ఉంది. సాయంత్రం కాన్ఫరెన్సు కాల్‌లో ధైర్యం చేసి "హాయ్ ఐమోజీన్" అన్నాను. అవతల చిన్న నవ్వు. "ఇ-మ-జెన్. మొదటి అక్షరం మీద నొక్కితే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది" అంది.

మర్నాడు క్యాంటీన్లో ఎదురుపడితే క్షమాపణలాంటిది చెప్పి, మన అలవాటు ప్రకారం "మీ పేరుకి అర్థం ఏమిటి?" అని అడిగాను. మనకదో జబ్బు కదండీ, పేరు చెప్పగానే అర్థం అడగడం. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "అర్థం ఏమీ లేదు. నా పేరు ఒక ప్రింటింగ్ మిస్టేక్. అందుకే నీ 'డి' నాకు వెంటనే కనబడింది" అంది :)

జోకనుకున్నాను. గదికెళ్ళి వెతికితే జోకు కాదని తేలింది. ఆ రాత్రి అన్నం వండుకోవడం కూడా మర్చిపోయి చదువుతూ కూర్చున్నాను. ఆ తర్వాత అప్పుడప్పుడూ దొరికినవన్నీ కలిపితే తేలిన కథ ఇది. ఇన్నేళ్ళకి ఎందుకు రాస్తున్నానంటే, ఈ కథ మా ఇంట్లో కూడా జరిగింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఈ పేరు మొట్టమొదట అచ్చులో కనబడింది షేక్‌స్పియర్ నాటకం 'సింబలీన్'లో. ఈ నాటకం మనకి హామ్లెట్, మాక్‌బెత్ తెలిసినంతగా తెలియదు. కథ క్లుప్తంగా: బ్రిటన్ రాజు సింబలీన్. ఆయన కూతురు ఇమొజెన్. తండ్రికి చెప్పకుండా పోస్ట్యూమస్ లియొనాటస్ అనే కుర్రాణ్ణి పెళ్ళిచేసుకుంటుంది. రాజు అతన్ని దేశం నుంచి వెళ్ళగొడతాడు. అతను రోమ్ వెళ్ళి, నా భార్యంతటి పతివ్రత లేదని గొప్పలు పోయి, ఇయాకిమో అనేవాడితో పందెం కాస్తాడు. ఆ ఇయాకిమో బ్రిటన్ వచ్చి, ఒక పెట్టెలో దాక్కుని ఆమె పడకగదిలోకి చేరి, నిద్రపోతున్న ఆమె చేతి కంకణం కాజేసి, ఒంటిమీద పుట్టుమచ్చ ఎక్కడుందో చూసుకుని వెళ్ళిపోతాడు. మొగుడు ఆ ఆనవాళ్ళు నమ్మేస్తాడు. ఆమెని చంపెయ్యమని నౌకరుకి ఉత్తరం రాస్తాడు. మంచివాడైన ఆ నౌకరు ఆమెని చంపకుండా మగవేషం వేయించి పంపేస్తాడు. ఆ వేషంలో ఆమె పేరు ఫిడేల్. ఆఖరికి అందరూ కలుసుకుంటారు. తప్పు చెయ్యని ఆడదాన్ని అనుమానించడం, ఆనవాలు చూపించడం, చివర్లో క్షమించడం... మనకివేవీ కొత్త కాదు.

ఈ నాటకాన్ని 1609, 1610 ప్రాంతాల్లో రాశాడంటారు. షేక్‌స్పియర్ 1616లో పోయాడు. ఆయన పోయిన ఏడేళ్ళకి, 1623లో, ఆయన నాటక కంపెనీ మిత్రులు హెమింజెస్, కాండెల్ ఇద్దరూ పూనుకుని 36 నాటకాలు ఒకే పెద్ద పుస్తకంగా వేయించారు. దాన్నే ఫస్ట్ ఫోలియో అంటారు. అందులో సగం, అంటే 18 నాటకాలు, అంతకుముందు అచ్చయినవి కావు. ఆ 18లో సింబలీన్ ఒకటి. పుస్తకంలో చిట్టచివరి నాటకం కూడా అదే. అంటే మన భాషలో చెప్పాలంటే: ఒకటే కాపీ, బ్యాకప్ లేదు, రాసినవాడు లేడు, పోల్చిచూడ్డానికి పాత వెర్షన్ లేదు. అందులో ఏం పడితే అదే ఖాయం.

అందులో 'ఇమొజెన్' అని పడింది.

మరి తప్పని ఎలా తెలిసింది? ఇక్కడే నాకు కథ బాగా నచ్చింది. సాక్ష్యాలు మూడు.

మొదటిది సైమన్ ఫోర్మన్ అనే ఆయన రాసుకున్న నోట్సు. ఈయన లండన్లో జాతకాలు చెప్పేవాడు, వైద్యం కూడా చేసేవాడు. 1611లో నాటకాలు చూసొచ్చి కథలు నోట్సుగా రాసుకున్నాడు. ఆ ఏడాదే పోయాడు కూడా. అందులో సింబలీన్ కూడా ఉంది. ఆ కథ రాస్తూ ఆయన నాయిక పేరుని 'ఇన్నోజెన్' అని రాశాడు. ఐ తర్వాత రెండు ఎన్‌లు. అంటే రంగస్థలం మీద ఆయన చెవికి వినబడింది ఆ పేరన్నమాట. షేక్‌స్పియర్ బతికుండగా నాటకం చూసిన మనిషి రాసింది ఒకవైపు, ఆయన పోయాక అచ్చయింది ఇంకోవైపు. ఒక జ్యోతిష్కుడి మాటకి ఇంత విలువ రావడం నేను చూడ్డం ఇదే మొదటిసారి.

రెండోది షేక్‌స్పియర్‌దే ఇంకో నాటకం, 'మచ్ అడూ అబౌట్ నథింగ్'. 1600లో అచ్చయిన దాని ప్రతిలో మెస్సీనా గవర్నరు లియొనాటో, ఆయన భార్య ఇన్నోజెన్ వేదిక మీదకి వస్తారని రాసి ఉంటుంది. కానీ ఆవిడకి నాటకం మొత్తంలో ఒక్క మాట కూడా ఉండదు. రచయిత పెట్టుకుని వాడటం మర్చిపోయిన పాత్ర. (డిక్లేర్ చేసి ఎక్కడా వాడని వేరియబుల్ అనుకోండి.) లియొనాటో పక్కన ఇన్నోజెన్. సింబలీన్‌లో ఈవిడ భర్త లియొనాటస్. అంటే ఈ జంట పేర్లు షేక్‌స్పియర్ బుర్రలో ముందునుంచీ కలిసే ఉన్నాయి.

మూడోది చరిత్ర పుస్తకం. షేక్‌స్పియర్ తన కథలకి సరుకు తెచ్చుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో బ్రూటస్ అనే పురాణపురుషుడి భార్య పేరు ఇన్నోజెన్. (సీజర్‌ని పొడిచిన బ్రూటస్ కాదు, బ్రిటన్‌కి ఆ పేరు రావడానికి కారణమని చెప్పుకునే ట్రాయ్ వంశపు బ్రూటస్.) ఈ కథ ఇంకా పాతది. 1136 ప్రాంతాల్లో మన్మత్ ఊరి జెఫ్రీ లాటిన్లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలోనే ఉంది. అందులో ఈ అమ్మాయి గ్రీకు రాజు పాండ్రాసస్ కూతురు. బ్రూటస్ ఆ రాజుని ఓడించి, బందీలుగా ఉన్న తనవాళ్ళతోపాటు కూతుర్నీ ఇప్పించుకుని ఓడెక్కుతాడు. ఓడ కదిలాక ఆ పిల్ల వెనకవైపు నిలబడి, దూరమైపోతున్న ఒడ్డుని చూస్తూ సొమ్మసిల్లి పడిపోతుంది. శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటి వెనక్కి తిరిగి చూసినవాళ్ళకి ఈ వాక్యం వేరే చెప్పక్కర్లేదు.

ఇన్నోజెన్ అన్న పేరు గేలిక్‌లో 'అమ్మాయి', 'కూతురు' అనే అర్థమున్న మాటకి దగ్గరగా ఉందని అంటారు. సరే, మరి ఇన్నోజెన్ ఇమొజెన్ ఎలా అయింది? చేతిరాత వల్ల. అప్పటి గొలుసుకట్టు రాతలో ఇంగ్లీషు 'ఐ' అంటే ఒక నిలువు గీత, 'ఎన్' అంటే రెండు, 'ఎమ్' అంటే మూడు. ఈ గీతని మినిమ్ అంటారు. ఆ 'మినిమ్' అనే మాటనే ఇంగ్లీషులో అలా రాస్తే వరసగా పది గీతలు, ఎక్కడ ఏ అక్షరమో దేవుడికే తెలియాలి. రెండు ఎన్‌లు పక్కపక్కన రాస్తే నాలుగు గీతలు. సిరా పలచబడో, కళ్ళు అలిసో ఒక గీత లెక్క తప్పితే మూడు. మూడు గీతలంటే ఎమ్. అంతే! ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడో, అంతకుముందు శుభ్రమైన ప్రతి రాసిచ్చిన లేఖకుడో, ఒక్క గీత మింగేశాడు. ఒక కొత్త ఆడపిల్ల పుట్టింది.

అయితే ఇందులో ఇంకోమాట కూడా ఉంది, అదీ చెప్పాలి. ఫోలియోలో ఇది ఎక్కడో ఒకచోట జారిన తప్పు కాదు, నాటకమంతా ఇమొజెన్ అనే ఉంటుంది. అన్నిసార్లూ ఒకేలా తప్పు పడుతుందా, షేక్‌స్పియరే అలా మార్చుకుని ఉండొచ్చు కదా అనేవాళ్ళూ ఉన్నారు. నాలాంటివాడు దీనికిచ్చే జవాబు: మొదటిచోట తప్పు చదివినవాడు మిగతాచోట్ల కూడా అలాగే చదువుతాడు. కాపీ పేస్టు చేసిన తప్పుకి క్రమశిక్షణ ఎక్కువ. 1986లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు షేక్‌స్పియర్ సమగ్ర సంపుటం వేసినప్పుడు సంపాదకులు స్టాన్లీ వెల్స్, గ్యారీ టేలర్ ధైర్యం చేసి పేరుని ఇన్నోజెన్ అని దిద్దేశారు. గొడవ ఇప్పటికీ తెగలేదు. 2016లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఈ నాటకం వేస్తే నాయిక ఇన్నోజెన్. అదే సంవత్సరం లండన్‌లో షేక్‌స్పియర్స్ గ్లోబ్ వాళ్ళు వేస్తే నాటకం పేరే ఇమొజెన్!

పండితులు దిద్దేసరికి 363 ఏళ్ళయింది. ఆలోగా ఆ పేరు జనంలోకి వెళ్ళిపోయింది. దాని ప్రయాణం కూడా చిత్రమే. 1796లో మాథ్యూ లూయిస్ రాసిన 'ది మంక్' అనే దయ్యాల నవలలో ఒక గాథాగీతం ఉంది, అందులో నాయిక పేరు ఇమొజీన్. అది అప్పట్లో బాగా జనంలో నలిగింది. తర్వాత విక్టోరియా రాణి కాలంలో సింబలీన్ నాయిక అంటే ఆదర్శ స్త్రీ అని తెగ మెచ్చుకున్నారు. టెన్నిసన్ 1892లో పోయేముందు షేక్‌స్పియర్ పుస్తకం అడిగి తెప్పించుకున్నాడు, ఆయనతోపాటు శవపేటికలో పెట్టింది సింబలీన్ ప్రతినే. 1896లో ఆనాటి మహానటి ఎలెన్ టెర్రీ లండన్ లైసియం థియేటర్‌లో ఇమొజెన్ వేషం కట్టింది.

దాంతో పుస్తకాలు చదివే ఇళ్ళల్లో ఈ పేరు పెట్టడం మొదలైంది. 1883లో అమెరికాలో పుట్టిన ఫొటోగ్రాఫర్ ఇమొజెన్ కనింగ్‌హామ్. 1907లో పుట్టిన ఇమొజెన్ హోల్స్ట్, సంగీతకారుడు గుస్తావ్ హోల్స్ట్ కూతురు, తనూ సంగీతకారిణే. 1908లో పుట్టిన అమెరికన్ హాస్యనటి ఇమొజీన్ కోకా (అమెరికావాళ్ళు చివర్లో ఒక 'ఇ' తగిలించి ఇంకో వెర్షన్ చేశారు). అయినా చాలాకాలం అది పెద్దింటివాళ్ళు, కళాకారుల ఇళ్ళకే పరిమితమైన అరుదైన పేరు. మన సంగతి చెప్పాలంటే 2005లో 'హైడ్ అండ్ సీక్' పాట పాడిన ఇమొజెన్ హీప్ వల్ల మాలాంటివాళ్ళకి పరిచయం. ఇక 2000 తర్వాత ఇంగ్లండు, వేల్స్‌లో ఆడపిల్లలకి ఎక్కువగా పెట్టే వంద పేర్ల జాబితాలో చాలా ఏళ్ళు నిలిచింది. అమెరికాలో మాత్రం అరుదుగానే ఉండిపోయింది. అటువైపు ఇన్నోజెన్ అనే అసలు పేరు? పండితుల పుస్తకాల్లో తప్ప దాదాపు ఎవరూ పెట్టుకోరు. ఒరిజినల్ మ్యూజియంలో ఉంది, అచ్చుతప్పు బడికెళ్తోంది.

ఇలాంటి కేసు ఇదొక్కటే అనుకుంటున్నారేమో. సెడ్రిక్ అన్న పేరు ఉంది కదా. అది వాల్టర్ స్కాట్ 1819 చివర్లో వెలువరించిన 'ఐవన్‌హో' నవలలో మొదట కనబడింది. వెసెక్స్ రాజ్యం స్థాపించిన పాతకాలపు రాజు పేరు సెర్డిక్. స్కాట్ గారు ఆ రెండక్షరాలూ తారుమారు చేసుంటాడని అనుమానం. 1886లో ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 'లిటిల్ లార్డ్ ఫాంట్‌లెరాయ్' నవల్లో బుల్లి హీరోకి ఆ పేరు పెట్టేసరికి ఇళ్ళనిండా సెడ్రిక్‌లు పుట్టారు. మన హ్యారీ పాటర్‌లో సెడ్రిక్ డిగరీ దాకా వచ్చింది. ఓప్రా విన్‌ఫ్రీది ఇంకా దగ్గరి ఉదాహరణ. 1954లో పుట్టినప్పుడు పెట్టింది బైబిల్లోని ఓర్పా పేరు. చుట్టుపక్కలవాళ్ళకి నోరు తిరక్క ఓప్రా అయింది. ఆ తప్పు పేరు ఎంత పెద్దదయిందో చెప్పక్కర్లేదు.

ఇదంతా చదివి 2007లో నేను తీర్మానించుకున్నది ఏమిటంటే, తప్పులో ఏమీ లేదు, నలుగురు వాడితే అదే ఒప్పవుతుందని. ఇమొజెన్‌కి కూడా అదే చెప్పాను. "చూశారా, మీ పేరు లాంటిదే నా 'డి' కూడా. నాలుగొందల ఏళ్ళు వదిలెయ్యండి, అదే స్పెల్లింగ్ అయిపోతుంది" అన్నాను. ఆవిడ నవ్వింది కానీ బగ్గు మాత్రం మూసెయ్యలేదు. "నా పేరు చూసి మా అమ్మ ముచ్చటపడి పెట్టుకుంది. నీ లేబుల్ ఎవరూ ముచ్చటపడి పెట్టలేదు, చూసుకోకుండా పెట్టావు" అంది. అప్పుడది నాకు పట్టలేదు. మూడేళ్ళకి పట్టింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా అమ్మ పేరు అన్నపూర్ణ. నాన్న గవర్నమెంటు స్కూల్లో టీచరు. చేతిరాత గురించి ఆయనకి చాలా పట్టింపు. తెలుగైతే ముత్యాలు, ఇంగ్లీషైతే కలం ఎత్తకుండా గొలుసుకట్టు. పిల్లల చేత నాలుగు గీతల కాపీ పుస్తకాలు రాయించి చంపేవాడు (నాతో సహా). 2004లో రిటైరయ్యేటప్పుడు పెన్షన్ కాగితాల్లో కుటుంబ వివరాలు తన చేత్తోనే ఇంగ్లీషులో నింపాడు. ఆఫీసులో ఎవరో దాన్ని టైపు కొట్టారు. పెన్షన్ పుస్తకం వచ్చింది. భార్య పేరు దగ్గర రెండు ఎన్‌లకి బదులు ఒక ఎమ్ పడింది.

అమాపూర్ణ.

అవునండీ, అదే గీత. నాలుగు గీతలు మూడయ్యాయి. 1623లో లండన్లో ఏ తప్పు జరిగిందో 2004లో మా జిల్లాలో అక్షరాలా అదే తప్పు జరిగింది. నాన్న చూశాడు. "తర్వాత దిద్దిద్దాంలే" అన్నాడు. ఆయన పెన్షన్ ఆయనకి నెలనెలా వస్తోంది, ఏ ఇబ్బందీ లేదు. మన భాషలో అది తక్కువ ప్రాధాన్యత ఇచ్చి పక్కనపెట్టిన బగ్గు. మా పెద్దమావయ్య తెలుగు పండితుడు. ఆయనైతే "ఒకే పేరులో అమావాస్యా పౌర్ణమీ రెండూ ఉన్నాయి, ఇలాంటి పేరు ప్రబంధాల్లో కూడా లేదమ్మా" అని చెల్లెల్ని ఆటపట్టించేవాడు. అందరం నవ్వుకునేవాళ్ళం.

2010లో నాన్న పోయారు.

పదమూడో రోజు అయ్యాక అమ్మకి రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు పట్టుకుని వెళ్ళాం. రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం, అన్నిట్లోనూ అన్నపూర్ణ. పెన్షన్ పుస్తకంలో అమాపూర్ణ. బల్ల అవతల ఉన్నాయన కళ్ళజోడు పైకి తోసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, మా అమ్మని కాదు నన్ను అడిగాడు: "ఈ అమాపూర్ణ ఎవరండీ? మాస్టారికి ఇంకెవరైనా ఉన్నారా?"

ఆయన చెడ్డవాడు కాదు. అలాంటి కేసులు నిజంగానే వస్తాయట. కానీ నలభై ఏళ్ళు కాపరం చేసి, నెలకింద మొగుణ్ణి సాగనంపిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కొంగు సరిచేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు సింబలీన్ ఆ రోజు అర్థమైంది. ఎక్కడో ఎవడో చూపించిన ఆనవాలు మీద, ఏ తప్పూ చెయ్యని మనిషి తను తనేనని రుజువు చేసుకోవాలి.

దిద్దిద్దామంటే రాసినాయన లేడు. ఆయన చేత్తో నింపిన కాగితం తీసి చూపించమన్నాం. ఎంతో తిరిగాక ఒక జిరాక్సు దొరికింది. చూస్తే నాన్న రాసింది తప్పు కాదు. అందంగా, కలం ఎత్తకుండా, అన్నపూర్ణ. కానీ ఆ రెండు ఎన్‌లూ ఎంత చక్కగా కలిసిపోయాయంటే, తెలియనివాడు దాన్ని ఎమ్ అని చదివితే తప్పుపట్టలేం. ఆ జిరాక్సు చూసి అమ్మ అంది: "చూడరా, ఎంత ముద్దుగా రాశారో."

మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. నోటరీ దగ్గర అఫిడవిట్, అన్నపూర్ణ, అమాపూర్ణ అనబడే ఇద్దరూ ఒక్కరేనని. ఇద్దరు సాక్షులు. ఆ సంతకాలన్నిటి కోసం నేను రెండుసార్లు సెలవు పెట్టి రావాల్సివచ్చింది. చివరికి తేలిందేమంటే, పాత రికార్డు దిద్దడం కంటే కొత్త మనిషిని తయారుచెయ్యడం తేలిక. అమ్మ అమాపూర్ణ పేరుతో ఇంకో బ్యాంకు ఖాతా తెరిచింది. అరవై ఏళ్ళ వయసులో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని కొత్త సంతకం ప్రాక్టీసు చేసింది. నాన్న పాత కాపీ పుస్తకంలోనే. ఆ తర్వాత ఆధార్ వచ్చినప్పుడు పట్టుబట్టి అన్నపూర్ణ అనే రాయించుకుంది, దాంతో ఆ అఫిడవిట్ మళ్ళీ అటకమీంచి దిగింది.

2007లో ఇమొజెన్ అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది. రెండు పేర్లూ ఒకే గీత తప్పితే పుట్టినవే. ఒకదాన్ని తల్లులు ముచ్చటపడి పిల్లలకి పెట్టుకున్నారు. ఇంకోదాన్ని ఒక టైపు మిషను మా అమ్మ నెత్తిన పెట్టింది. తప్పు ఒప్పవ్వడానికి నలుగురు వాడితే చాలదు, మోసేవాళ్ళు దాన్ని కోరుకోవాలి. కోరుకుంటే అది పేరు, లేకపోతే అఫిడవిట్. పాస్‌పోర్టులో ఇంటిపేరొకచోట, అసలు పేరొకచోట పడక అమెరికా వీసా మీద 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని వేయించుకుని, ఆఫీసులో బ్యాడ్జి మీద కూడా 'ఎఫ్ఎన్‌యూ' అని తగిలించుకు తిరిగిన మనవాళ్ళకి నేనీ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

2012లో మా పాప ఇంగ్లండులోనే పుట్టింది. అక్కడ పుట్టిన 42 రోజుల్లోగా రిజిస్టర్ చేయించాలి. నేనూ మా ఆవిడా పిల్లకో పేరు అనుకున్నాం, మధ్యలో అమ్మ పేరు కూడా చేర్చాలని నా కోరిక. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళేముందు రోజు అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, పాప పేరు మధ్యలో నీ పేరు పెడుతున్నాం. ఏది పెట్టమంటావు, అన్నపూర్ణా, అమాపూర్ణా?" అన్నాను. సరదాకే అడిగాను. ఇమొజెన్ కథంతా చెప్పి, తప్పు పేరే పెడితే భలేగా ఉంటుంది, ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదు అని కూడా అన్నాను.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నం వండేది అన్నపూర్ణ, పెన్షన్ తెచ్చేది అమాపూర్ణ. ఇద్దర్నీ మొయ్యడానికి నేనున్నానుగా. దాని పేరు దానికి పెట్టు, చాలు. చిన్న పేరు పెట్టు. ఎవరు రాసినా తప్పు పోకూడదు" అంది.

మర్నాడు ఆ రిజిస్ట్రారు తెర మావైపు తిప్పి, సంతకం పెట్టేముందు ఒక్కో అక్షరం చూసుకోండి, తర్వాత దిద్దడం కష్టం అంది. నేను, మా ఆవిడ ఇద్దరం నాలుగుసార్లు చదివాం. ఒకటే పేరు, మధ్యలో ఏమీ లేదు. జంట అక్షరాలు లేవు. ఎన్‌లు లేవు, ఎమ్‌లు లేవు. అప్పుడు సంతకం పెట్టాను.

అన్నట్టు, 'అడ్రస్' లేబుల్లో రెండో 'డి' ఆ మర్నాటి రిలీజులోనే పెట్టేశానండోయ్. అమ్మ మాత్రం ఏటా ఒకసారి బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తుంది. అక్కడ అమాపూర్ణ అని సంతకం పెట్టి, ఇంటికొచ్చి అన్నపూర్ణ అయిపోతుంది.